హైదరాబాద్‌లో ఇద్దరి జీతాలా, మ్యూనిక్‌లో ఒక్కరి జీతమా? ఖర్చుల లెక్క ఎలా వేయాలి?

మియాపూర్_మనోడు
అందరికీ నమస్తే. మ్యూనిక్‌లో ఒక కంపెనీ నుంచి నాకు ఆఫర్ వచ్చింది. ఏడాదికి 65,000 యూరోలు, గ్రాస్. ఇక్కడ నాది 28 లక్షల ప్యాకేజీ. పీఎఫ్, ట్యాక్స్ పోను నెలకు 1,75,000 దాకా చేతికి వస్తుంది. మా ఆవిడ హెచ్‌ఆర్‌లో చేస్తుంది, తనకు 80,000. పాపకు నాలుగేళ్లు. మియాపూర్‌లో సొంత ఫ్లాట్, ఈఎంఐ 58,000.

మా బావమరిదేమో 65 లక్షలు బావా, కళ్లు మూసుకుని వెళ్లిపో అంటాడు. ఆఫీసులో ఒకాయన నంబియో అని ఊళ్ల ఖర్చులు పోల్చే వెబ్‌సైట్ తెరిచి చూపించి, అక్కడి ఖర్చులతో చూస్తే ఆ జీతం విలువ నీ ఇక్కడి జీతం కంటే తక్కువే అన్నాడు. ఇద్దరి లెక్కలకూ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. దేన్ని నమ్మాలి?

డాలర్_బాబాయ్
ఇందులో చర్చేముంది తమ్ముడూ? యూరో వంద రూపాయలు దాటింది. 65 వేలు ఇంటూ వంద. మీ బావమరిది చెప్పిందే రైటు. నేను అమెరికా వచ్చేటప్పుడు ఇలా ఎక్సెల్ షీట్లు వేసుకుంటూ కూర్చుంటే ఇప్పటికీ అమీర్‌పేట హాస్టల్‌లోనే ఉండేవాణ్ణి. ముందు వెళ్లు, ఖర్చులు అవే సర్దుకుంటాయి.

లెక్కల_పంతులు
బాబాయ్ గారూ, వందతో గుణించాల్సింది అక్కడ సంపాదించిన ప్రతి పైసా ఇక్కడికొచ్చి ఖర్చుపెట్టేవాడు. మనోడు అద్దె మ్యూనిక్‌లో కట్టాలి, మియాపూర్‌లో కాదు.

కొనుగోలు శక్తి అని ఒక లెక్క ఉంది, ప్రపంచ బ్యాంకు ఏటా వేస్తుంది. దాని ప్రకారం ఒక యూరోకు జర్మనీలో వచ్చే సరుకు, సేవలు ఇండియాలో సుమారు 28, 30 రూపాయలకే వస్తాయి. అలా చూస్తే 65,000 యూరోలు ఇక్కడి 18, 19 లక్షల జీవితంతో సమానం. నీ 28 కంటే తక్కువ. మీ ఆఫీసాయన చెప్పింది మరీ తప్పేం కాదు.

తిరిగొచ్చిన_శాల్తీ
పంతులు గారూ, ఆ 28 రూపాయల రేటు సగటు భారతీయుడి సంచిలో ఉన్న సరుకులతో కట్టింది. బియ్యం, పప్పు, బస్సు టికెట్, మంగలి షాపు. మియాపూర్ గేటెడ్ కమ్యూనిటీలో ఉండి పాపను ఇంటర్నేషనల్ స్కూల్‌లో వేసినవాడి సంచి వేరు. ఐఫోన్ ఇక్కడేం చవక కాదు. కారు చవక కాదు. పెట్రోలు హైదరాబాద్‌లో లీటరు వంద రూపాయలు దాటింది, మన జీతాలతో పోలిస్తే జర్మనీ వాడికే తక్కువ భారం.

ఇక్కడ నిజంగా చవకైంది మనిషి శ్రమ ఒక్కటే. పనిమనిషి, వంటమనిషి, డ్రైవర్, ఇస్త్రీ, పది నిమిషాల్లో కరివేపాకు తెచ్చిచ్చే కుర్రాడు. జర్మనీలో గంటకు కనీస వేతనం 2026 నుంచి 13.90 యూరోలు. అక్కడ ఇవన్నీ నువ్వే చేసుకుంటావు.

నంబియో సంగతి కూడా చెప్తాను. అందులో ధరలు ఎక్కించేది మనలాంటి వాళ్లే, ఎవరికి తోచింది వాళ్లు. న్యూయార్క్‌ను 100 అనుకుని మిగతా ఊళ్లకు మార్కులు వేస్తారు. దేశదేశాల్లో బర్గర్ ధర పోలుస్తూ ఎకనామిస్ట్ పత్రిక 1986 నుంచి వేస్తున్న బర్గర్ సూచీ కూడా ఉంది. ఇండియాకు వచ్చేసరికి బీఫ్ దొరక్క చికెన్ మహారాజా మ్యాక్ పెట్టి లెక్కేశారు. ఇలాంటివి దేశాలను పోల్చడానికి బాగుంటాయి, నీ ఇంటి బడ్జెట్‌కు పనికిరావు.

మ్యూనిక్_వదిన
మేము ఇక్కడే ఉంటాం. రేట్లు, సూచీలు పక్కన పెట్టండి. గ్రాస్ నుంచి చేతికి ఎంత వస్తుంది, అందులోంచి ఎంత పోతుంది, చివరికి ఎంత మిగులుతుంది, ఇంతే చూడాలి. మాకు తెలిసిన ధరలతో రాస్తున్నాను తమ్ముడూ.

65,000 మీద పింఛనుకు 9.3 శాతం, ఆరోగ్య బీమాకు ఎనిమిదిన్నర పైన, నిరుద్యోగ బీమా, వృద్ధుల సంరక్షణ బీమా, అన్నీ కలిపి 21 శాతం దాకా ముందే కోసేస్తారు. దాని తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్. భార్య ఉద్యోగం చేయకపోతే ట్యాక్స్ క్లాస్ 3, అంటే నెల నెలా ట్యాక్స్ తక్కువ కోసే వర్గం తీసుకోవచ్చు, అప్పుడు నెలకు 3,700 యూరోలు చేతికి వస్తాయి. పాప పేరున ప్రభుత్వం ఇచ్చే పిల్లల భత్యం, కిండర్‌గెల్డ్, నెలకు 259. మొత్తం 3,960 అనుకో.

ఇప్పుడు ఖర్చు. రెండు బెడ్‌రూముల ఇల్లు, ఊరి మధ్యలో కాకుండా మెట్రో చివరి స్టేషన్ల వైపు, హీటింగుతో కలిపి 1,750. దీన్ని వార్మ్ రెంట్ అంటారు. యాడ్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది హీటింగు కలపని కోల్డ్ రెంట్, దాన్ని చూసి సంబరపడొద్దు. కరెంటు, ఇంటర్నెట్, ఇంటికింత అని కట్టే టీవీ రేడియో ఫీజు 18.36, అన్నీ కలిపి 150. కిరాణా, కూరగాయలు 600. డాయిచ్‌లాండ్ టికెట్ ఒక్కోటి 63, ఇద్దరికి 126. దానితో దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు తిరగొచ్చు, ఆరేళ్ల లోపు పాపకు టికెట్ అక్కర్లేదు. కిండర్‌గార్టెన్ 100 దాకా. బవేరియా ప్రభుత్వం మూడేళ్లు దాటిన పిల్లల ఫీజులో నెలకు 100 యూరోలు భరిస్తుంది, మిగిలేది ఎక్కువగా భోజనం ఖర్చే. ఫోన్లు, చిన్న ఇన్సూరెన్సులు 50. బట్టలు, బయట తిండి, పుట్టినరోజులు 300. ఏడాదికోసారి ఇండియా టికెట్లకు నెలకు 250 పక్కన పెట్టాలి. మొత్తం 3,326.

మిగిలేది 630 చిల్లర.

ఇది నెల నెలా నడిచే లెక్క. మొదటి మూడు నెలల ఖర్చు దీనిలో లేదు. ఇక్కడ చాలా ఇళ్లు వంటగది లేకుండా అద్దెకిస్తారు. వంటగది అంటే గది ఉంటుంది. అందులో గోడలోంచి రెండు నీళ్ల పైపులు, కింద ఒక డ్రైనేజీ గొట్టం, ఒక పెద్ద ప్లగ్ పాయింట్, అంతే. సింకు ఉండదు, స్టవ్ ఉండదు, అరలు ఉండవు. పైన లైటు ఉండాల్సిన చోట మూడు వైర్లు వేలాడుతుంటాయి. ఖాళీ చేసి వెళ్లేవాళ్లు తమ వంటగదిని మనకే అమ్ముతామంటారు, అది తీసుకుంటే నయం. మా దగ్గర 2,500 అడిగితే బేరమాడి 1,800కు తెచ్చాం. అడ్వాన్సు మూడు కోల్డ్ రెంట్ల వరకు తీసుకోవచ్చు, కానీ చట్టం ప్రకారం మూడు వాయిదాల్లో కట్టొచ్చు. ఈ ముక్క ఇంటి ఓనర్ చెప్పడు, మనమే అడగాలి.

ఏడాది చివర హీటింగు లెక్క తేలాక ఇంకో బిల్లు వస్తుంది. చలికాలం కిటికీలు తీసిపెట్టి సాంబారు తిరగమోత వేస్తే అది కూడా దాన్లో కనిపిస్తుంది 😄

మియాపూర్_మనోడు
వదినా, థ్యాంక్యూ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మీ లెక్క పక్కన మాది పెడుతున్నా, చూడండి.

ఇక్కడ ఇద్దరిదీ కలిపి 2,55,000. ఈఎంఐ 58,000, పాప స్కూల్ నెలకు 15,000 పడుతుంది, ఇంటి ఖర్చు 70,000, పనిమనిషి, వంటమనిషి 12,000, అమ్మానాన్నలకు 15,000. మొత్తం 1,70,000. మిగులు 85,000.

అక్కడ మిగిలే 630 యూరోలు అంటే 63,000. ఫ్లాట్ అద్దెకిస్తే 28,000 వస్తుంది. ఈఎంఐ 58,000, అమ్మానాన్నల 15,000 తీసేస్తే చేతిలో ఉండేది 18,000. అంటే 85 నుంచి 18కి పడిపోతున్నా!!

డాలర్_బాబాయ్
ఏంటయ్యా ఈ లెక్క, భయపెడుతున్నారు కుర్రాణ్ణి. పాపకు పన్నెండో క్లాసు దాకా ఫ్రీ చదువు కలపలేదేం? ఇక్కడి స్కూల్ ఫీజు ఏటా పదిశాతం పెరుగుతుంది, అక్కడ పెరగదు. గాలి, నీళ్లు, ట్రాఫిక్ వీటికి రేటు కట్టారా? వేసవిలో మియాపూర్‌లో ట్యాంకర్ కోసం వాట్సాప్ గ్రూపులో కొట్టుకోవడానికి ఎంత ఖరీదు వేస్తారు?

లెక్కల_పంతులు
బాబాయ్, ఫస్ట్ పోస్టులో వందతో గుణించింది మీరే. రూపాయల్లో ఓడిపోయాక గాలీ నీళ్లూ అంటే ఎలా?

కానీ మనోడి షీటు చూశాక ఒకటి ఒప్పుకోవాలి. నా 28 రూపాయల రేటు ఇక్కడ కూడా పనిచేయట్లేదు. అసలు గుంట ధరల తేడా వల్ల పడలేదు. ఆ 67,000 లోటు ఆవిడ 80,000 జీతం పోవడం వల్లే పడింది. మ్యూనిక్ జీతం అతని ఒక్కడి జీతం కంటే మెరుగే. ఇద్దరి జీతం కంటే కాదు. ఏ వెబ్‌సైట్‌లోనూ ఈ గడి ఉండదు.

లైప్‌జిగ్_తమ్ముడు
ఊరు మారిస్తే లెక్క మారుతుంది బ్రో. మాది లైప్‌జిగ్, మా రెండు బెడ్‌రూముల వార్మ్ రెంట్ 950. కాకపోతే ఇక్కడ 65 వేల ఆఫర్లు అంత తేలిగ్గా రావు. కంపెనీ ఎక్కువ రోజులు రిమోట్ ఇస్తే మ్యూనిక్ బయట ఆగ్స్‌బుర్గ్ వైపు కూడా చూడు, రైల్లో వెళ్లి రావొచ్చు.

మియాపూర్_మనోడు
ఒక ఆలోచన. ముందు నేనొక్కణ్ణే ఆరు నెలలు వెళ్లి షేరింగ్‌లో ఉంటా. వీళ్లిద్దరూ ఇక్కడే, ఆవిడ ఉద్యోగం నడుస్తుంటుంది. డబ్బు కూడబెట్టి తర్వాత తీసుకెళ్తా. ఎలా ఉంటుంది?

మ్యూనిక్_వదిన
చాలామంది వేసే ప్లానే ఇది. కానీ ఒక మెలిక ఉంది. క్లాస్ 3 కావాలంటే భార్య జర్మనీలోనో, కనీసం యూరోపియన్ యూనియన్‌లోనో ఉండాలి. హైదరాబాద్‌లో ఉంటే నీది క్లాస్ 1, చేతికి 3,300 దగ్గర. కిండర్‌గెల్డ్ కూడా పాప ఇక్కడికి వచ్చాకే. నెలకు 650 దాకా తేడా. షేరింగ్ గదికే మ్యూనిక్‌లో 800 అవుతుంది. అయినా ఆరు నెలలకు గిట్టుబాటే, కానీ 3,700 అనుకుని ప్లాన్ వేసుకోకు.

తిరిగొచ్చిన_శాల్తీ
ఇంకో రెండు ముక్కలు. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్, అంటే విదేశీ సంపాదన ఇండియా బ్యాంకులో వేసుకునే డిపాజిట్, దాని వడ్డీకి ఇండియాలో ట్యాక్స్ లేదని అందరూ చెప్తారు. జర్మనీలో నివాసం ఉన్నంతకాలం ఆ వడ్డీ అక్కడ చూపించాలి, ట్యాక్స్ కట్టాలి. మిగులు లెక్కేసేటప్పుడు ఇది మర్చిపోతారు.

ఎదురుగా పింఛను ఉంది. నెలకు 500 యూరోలు నీ వాటా పోతుంది. ఐదేళ్లు నిండక ముందే యూరప్ వదిలేస్తే, 24 నెలలు ఆగి నీ వాటా వెనక్కి అడగొచ్చు, కంపెనీ వాటా రాదు. ఐదేళ్లు దాటితే వెనక్కి రాదు, వయసొచ్చాక పింఛనుగా వస్తుంది. కాబట్టి ఆ 18,000 పక్కన కనపడని 50,000 ఉంది. ఇక్కడి నీ పీఎఫ్‌తో దాన్ని పోల్చాలి, మిగులుతో కాదు.

మియాపూర్_మనోడు
ఆయన అకౌంట్ నుంచే రాస్తున్నాను, నేను వాళ్లావిణ్ణి. థ్రెడ్ అంతా చదివాను. నా జీతం ఆయన షీటులో ఒక గడి అని పంతులు గారు చెప్పింది నిజమే, కానీ ఆ గడి నిండడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. ఇక్కడ మేనేజర్ అవ్వబోతున్నాను. అక్కడికి వచ్చాక నాకు పని దొరుకుతుందా? జర్మన్ రాకుండా హెచ్‌ఆర్‌లో ఎవరైనా తీసుకుంటారా? వదిన గారు నిజం చెప్పండి, మొహమాటం వద్దు.

మ్యూనిక్_వదిన
నిజమే చెప్తానమ్మా. ఆయనది బ్లూ కార్డ్ (పెద్ద చదువు ఉన్న ఉద్యోగులకిచ్చే పర్మిట్) అయితే నువ్వు దిగిన రోజు నుంచే పని చేయొచ్చు, వీసాకు నీకు భాష పరీక్ష కూడా అడగరు. అనుమతి ఉంది, ఉద్యోగం మాత్రం వేరే సంగతి. హెచ్‌ఆర్ అంటే ఇక్కడి కార్మిక చట్టాలు, ఉద్యోగుల కమిటీలతో మాటలు, అంతా జర్మన్‌లోనే. పెద్ద కంపెనీల్లో ఇంగ్లీషుతో నడిచే రిక్రూట్‌మెంట్ పోస్టులు కొన్ని ఉంటాయి, పోటీ ఎక్కువ. జర్మన్‌లో బీ2 స్థాయి, అంటే ఆఫీసు పని నడిపేంత భాష, వచ్చేదాకా కష్టమే. పాపను చూసుకుంటూ ఆ స్థాయికి రావడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది. కిండర్‌గార్టెన్ సీటు చట్ట ప్రకారం పాప హక్కు, కానీ మ్యూనిక్‌లో వెంటనే దొరుకుతుందని ఎవరూ మాటివ్వలేరు.

నీ మేనేజర్ పోస్టు సంగతి తేలాక వెళ్లినా జర్మనీ ఎక్కడికీ పోదు.

డాలర్_బాబాయ్
వదిన గారూ, ఆఫర్ పోతుంది కదండీ.

లెక్కల_పంతులు
పోతే పోనివ్వండి, లేదా పెంచమని అడగనివ్వండి. నేను వేసి చూశాను. క్లాస్ 3లో ఉంటూ, ఇప్పటిలాగే నెలకు 85,000 మిగలాలంటే గ్రాస్ 80,000 యూరోల దగ్గర్లో ఉండాలి. ఆవిడ ఉద్యోగం లేకుండా. మనోడా, హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టేటప్పుడు ఈ అంకెతో పెట్టు. అంత ఇవ్వకపోయినా మొదటి మూడు నెలల ఫర్నిష్డ్ ఇల్లు, ఆవిడ భాష కోర్సు ఫీజు, ఫ్లైట్ టికెట్లు అడుగు. 70 దాకా వస్తే మళ్లీ ఇక్కడికొచ్చి షీటు పెట్టు.

మియాపూర్_మనోడు
మళ్లీ నేనే, ఈసారి అసలు మనిషిని. 78,000 అడుగుతూ మెయిల్ పెట్టాం, ఇద్దరం కూర్చుని రాశాం. లాంగ్వేజ్ కోర్సు లైను ఆవిడే చేర్చింది. సోమవారం లోపు జవాబు ఇస్తామన్నారు.