ఆరు నెలలకని పంపి ఏడాది ఉంచడం న్యాయమేనా?

అమలాపురం నుంచి:
2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం కట్టాలని మన దేశం పెట్టుకుంది. రేపు అందులో మనవాళ్లూ నెలల తరబడి ఉంటారు. అందుకే ఇప్పుడే అడుగుతున్నా. ఇన్నాళ్లే అని చెప్పి పంపిన మనిషిని, తీరా పైకి వెళ్లాక ఇంకొన్నాళ్లు ఉండమనడం న్యాయమేనా? నా మట్టుకు నాకు కాదనే అనిపిస్తుంది.

అమెరికా వ్యోమగామి ఫ్రాంక్ రూబియో 2022 సెప్టెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఆరు నెలలకని వెళ్లారు. డిసెంబరులో ఆయన వెళ్లిన రష్యా నౌక సోయుజ్‌లో చల్లబరిచే ద్రవం కారిపోయింది. దాని బదులు ఇంకో నౌక వచ్చి, ఆయన కిందికి దిగేసరికి 371 రోజులైంది. ఏడాదని ముందే చెప్పి ఉంటే బహుశా ఒప్పుకునేవాణ్ణి కాదని, ఇంటి సంగతులే అందుకు కారణమని ఆయనే చెప్పారు. సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ అయితే అక్కడికే ఎనిమిది రోజులకని వెళ్లి 286 రోజులున్నారు.

మా అమ్మ కువైట్‌లో ఇంటిపనికి రెండేళ్లకని వెళ్లింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మమ్మ వంటింటి తలుపు వెనక క్యాలెండరు తగిలించి, రోజూ పడుకునే ముందు నా చేత ఒక తేదీ కొట్టించేది. ఇంకో పదకొండు గళ్లు ఉన్నాయనగా ఫోనొచ్చింది, మరో ఆరు నెలలు ఉండమంటున్నారని. ఆ పదకొండు గళ్లు నేను కొట్టలేదు.

రాజోలు నుంచి:
మీ బాధ అర్థమైంది. కానీ రెండూ ఒకటి కాదండీ. నేను సముద్రంలో చమురు తీసే రిగ్గు మీద పనిచేస్తాను. వాతావరణం బాగోక హెలికాప్టర్ రాకపోతే రిలీవర్ రాడు, రిలీవర్ రాకపోతే నేను దిగను. అది ఎవరూ చేసిన అన్యాయం కాదు. అక్కడా అంతే, పైన ఉన్న ఆ అంతర్జాతీయ కేంద్రాన్ని 2000 నవంబరు నుంచి ఒక్క రోజు కూడా ఖాళీగా వదల్లేదు. 1991లో సోవియట్ వ్యోమగామి సెర్గీ క్రికల్యోవ్ వాళ్ల అంతరిక్ష కేంద్రం మీర్‌లో ఉండగా కింద సోవియట్ దేశమే లేకుండా పోయింది. ఉండమంటే ఒప్పుకుని 311 రోజులున్నాడు. రష్యా వ్యోమగామి వలేరి పొల్యకోవ్ స్వయంగా డాక్టరు, మనిషి శరీరం ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలని తానుగా ముందుకొచ్చి 437 రోజులున్నాడు. దిగాక తన కాళ్ల మీదే నాలుగడుగులు నడిచాడు. అలాంటివాళ్లు లేకపోతే అంగారకుడి మాట ఎత్తగలమా?

మండపేట నుంచి:
నేను ఫిజియోథెరపిస్టుని. పొల్యకోవ్ నడిచిన మాట నిజమే గానీ, నడిచినంత మాత్రాన ఎముక బాగున్నట్టు కాదు. అంతరిక్షంలో బరువు మోయని ఎముక కరుగుతుంది. తుంటి దగ్గర నెలకు ఒక శాతం పైనే పోవచ్చు. అందుకే అక్కడ రోజూ రెండు గంటలు వ్యాయామం చేయిస్తారు. అయినా 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో 17 మందిని పరీక్షిస్తే, దిగి ఏడాదైనా తొమ్మిది మందికి మోకాలి కింది ఎముక పూర్తిగా కోలుకోలేదు. ఎక్కువ కాలం ఉన్నవాళ్లకే ఎక్కువ నష్టం. మూడు నెలలు మంచం పట్టిన పెద్దాయనను మొదటిసారి నిలబెట్టేటప్పుడు ఆ పాదాలు ఎలా వణుకుతాయో నాకు తెలుసు. అదనపు నెలలంటే కాగితం మీద రోజులు కావు.

అమలాపురం నుంచి:
రాజోలు అన్నగారూ, పొల్యకోవ్ తెలిసి వెళ్లాడు. నా గొడవల్లా తెలియక వెళ్లినవాళ్ల గురించే. ప్రమాదం జరిగితే ఆగక తప్పదు, ఒప్పుకుంటాను. అయితే మన కేంద్రానికి ముందే రాసిపెట్టుకోవాలి: గరిష్ఠంగా ఎన్నాళ్లు, అది దాటితే తీసుకురావడానికి ఏ నౌక సిద్ధంగా ఉంటుంది. వెళ్లే మనిషి సంతకం పెట్టే రోజున ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి ఆ పెద్ద లెక్కే చెప్పాలి, చిన్నది కాదు.

రాజోలు నుంచి:
నౌక సిద్ధంగా ఉండాలన్నది, ఇంట్లో పెద్ద లెక్క చెప్పాలన్నది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటున్నాను. నేనూ మా ఆవిడకు ఎప్పుడూ వారం ఎక్కువే చెప్పి వెళతాను. గరిష్ఠం మాత్రం రాయకూడదు. రాశాక ఆ తేదీ దగ్గరపడితే, బాగోలేని నౌకలోనైనా దించేయమని పైనుంచి ఒత్తిడి వస్తుంది.