వేలిముద్రల రిపోర్టులో 'విజువల్ లర్నర్' అని వచ్చింది. చదువు అలాగే చెప్పించాలా?

ఖమ్మం_అమ్మ
మా అమ్మాయి ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. రెండు నెలల క్రితం వాళ్ళ స్కూల్లో పది వేళ్ళ ముద్రలూ తీసుకుని ఒక రిపోర్టు ఇచ్చారు. అందులో 'విజువల్ లర్నర్' అని ఉంది. చదివితే బుర్రకెక్కదట, బొమ్మలతో వీడియోలతో చెప్పాలట. అప్పట్నుంచి సోషల్ పుస్తకం ముందు పెడితే చాలు, "నేను విజువల్ కదమ్మా, వీడియో పెట్టు" అంటోంది. వీడియో చూశాక అడిగితే కథంతా చక్కగా చెబుతుంది. పరీక్షలో మాత్రం పేపరు సగం ఖాళీ. ఆ రిపోర్టు ప్రకారం ట్యూషన్ మార్పిద్దామని మావారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఒక్కో పిల్లకి నేర్చుకునే తీరు ఒక్కోలా ఉంటుందా? ఉంటే చదువు దాని ప్రకారమే చెప్పించాలా?

బీఎడ్_లెక్చరర్
అమ్మా, ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి. వేలిముద్రలతో తెలివితేటలు చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ ఎప్పుడో చెప్పింది. ఆ రిపోర్టు పక్కన పెట్టేయండి. కానీ దానితో పాటు 'సంజ్ఞానాత్మక శైలి', అంటే ఒక్కొక్కరు చూసినదాన్ని, విన్నదాన్ని అర్థం చేసుకునే తీరు వేరుగా ఉంటుందనే భావననే పారేయొద్దని నా మనవి.

అమెరికాలో హెర్మన్ విట్కిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1940ల నుంచి దీనిమీద పనిచేశాడు. చీకటి గదిలో మనిషిని కూర్చోబెట్టి, మెరిసే చట్రం ఒకటి పక్కకి వాల్చి చూపిస్తారు. చట్రం మధ్యలో ఒక కడ్డీ. దాన్ని నిట్టనిలువుగా నిలపాలి. కొందరు చట్రం ఎటు వాలితే కడ్డీని అటే వాలుస్తారు. కొందరు చట్రాన్ని పట్టించుకోకుండా సరిగ్గా నిలబెడతారు. మొదటివాళ్ళు క్షేత్రాధారితులు, రెండోవాళ్ళు క్షేత్ర స్వతంత్రులు. టెట్, డీఎస్సీకి చదివినవాళ్ళకి ఈ పేర్లు గుర్తుండే ఉంటాయి. ఇరవై ఏళ్ళుగా ఛాత్రోపాధ్యాయులను, అంటే టీచర్ శిక్షణలో ఉన్నవాళ్ళను చూస్తున్నాను. పాఠ్యప్రణాళిక నమూనా చేతికిస్తే తప్ప కదలనివాళ్ళున్నారు, నమూనా ఇస్తే చిరాకుపడేవాళ్ళూ ఉన్నారు. ఈ తేడా కల్పన కాదు.

జెడ్పీ_లెక్కల_టీచర్
లెక్చరర్ గారికి నమస్కారం. తేడాలున్నాయి, కాదనను. నా అభ్యంతరం ఆ తర్వాతి మెట్టు దగ్గర. 'పిల్లవాడి తీరు ఇది, కాబట్టి పాఠం ఆ తీరులోనే చెప్పాలి' అంటారు చూడండి, ఆ 'కాబట్టి'ని ఎవరు నిరూపించారు?

2008లో పాష్లర్, మెక్‌డానియెల్, రోరర్, బ్యోర్క్ అనే నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు తిరగేశారు. వాళ్ళు అడిగిన రుజువు చాలా సూటిగా ఉంటుంది. పిల్లల్ని బొమ్మల గుంపు, మాటల గుంపు అని విడదీయండి. ప్రతి గుంపులోనూ చీటీలు తీసి సగంమందికి బొమ్మలతో, సగంమందికి మాటలతో అదే పాఠం చెప్పండి. చివర అందరికీ ఒకే ప్రశ్నపత్రం. బొమ్మల గుంపుకి బొమ్మల పాఠంతో, మాటల గుంపుకి మాటల పాఠంతో ఎక్కువ మార్కులు వస్తేనే శైలి ప్రకారం చెప్పాలన్న మాట నిలుస్తుంది. అలా నిలబెట్టే గట్టి ఆధారం వాళ్ళకి దొరకలేదు. 2018లో ఇండియానా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం చదివే విద్యార్థులను చూశారు. ఎక్కువమంది తమ శైలి అని తేలిన పద్ధతిలో చదవనే లేదు. చదివినవాళ్ళకి మార్కులు పెరగనూ లేదు.

విట్కిన్ గారి పరీక్ష గురించీ ఒక మాట. శైలి అంటే రెండు కొసల్లో ఏదీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ కడ్డీ పరీక్షలో మాత్రం ఒకరిది ఒప్పు, ఇంకొకరిది తప్పు. అలాంటప్పుడు అది కొలిచేది శైలినా, సామర్థ్యాన్నా?

నా ఎనిమిదో తరగతిలో కొందరికి భాగహారం రాదు. వాళ్ళకి బీజగణితం బొమ్మలతో చెప్పినా, పాటతో చెప్పినా ఒకటే. ముందు భాగహారం రావాలి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టి నేర్పించింది. ఫలితం కనిపించింది. దాన్ని పరీక్షించినవాళ్ళలో 2019లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న బెనర్జీ, డఫ్లో ఉన్నారు. మన తెలంగాణలో ప్రాథమిక తరగతులకి 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా చదవడం, రాయడం, లెక్కల్లో కనీస స్థాయి గురించే.

తెలుగు_పంతులు
నేను పరిశోధనలు చదవలేదు, తొమ్మిదో తరగతికి ఛందస్సు చెబుతాను. య-మా-తా-రా-జ-భా-న-స-ల-గం చెవితో పట్టించాలి. గురువు, లఘువు నోటితో పలికించి చిటికెతో కొట్టించాలి. గణ విభజన దగ్గరికొచ్చేసరికి బోర్డు మీద గుర్తులు పెట్టి కంటితో చూపించక తప్పదు. ఒకే పాఠం, మూడు దార్లు, తరగతిలో అందరికీ మూడూ కావాలి. దారిని నిర్ణయించేది పాఠం. పిల్లవాణ్ణి చూసి "నువ్వు చెవి రకం, నీకు గణ విభజన వద్దు" అనగలనా? ఏకసంథాగ్రాహిని కూడా కూర్చోబెట్టి రాయించాల్సిందే.

బీఎడ్_లెక్చరర్
శైలికి తగ్గట్టే పాఠం చెప్పాలన్న వాదాన్ని నేనూ వదిలేస్తున్నాను. మీరిద్దరూ చెప్పింది సబబుగా ఉంది. అయితే లెక్కల మాస్టారూ, ఒకే స్థాయి ఉన్న ఇద్దరు పిల్లలు ఒకే పేపర్లో వేర్వేరు రకాల తప్పులు ఎందుకు చేస్తారు? స్థాయి ఒక్కటే దానికి జవాబు చెప్పదు.

1960ల్లో జెరోమ్ కేగన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లలకి ఒక బొమ్మ చూపించి, ఇంచుమించు అలాగే ఉన్న ఆరు బొమ్మల్లో అచ్చం దానిలాంటిది ఏదో పట్టుకోమన్నాడు. కొందరు వెంటనే వేలు పెట్టి తప్పు చెప్పారు. కొందరు అన్నీ పోల్చి చూసి, ఆలస్యంగానైనా ఒప్పు చెప్పారు. ఈ తొందర, నిదానాల తేడా మన పిల్లల్లో ఇంటర్ తర్వాత బయటపడుతుంది. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, తప్పు పెట్టినా కోత లేదు. అక్కడ నిదానస్తుడికి సమయం చాలదు. జేఈఈ మెయిన్‌లో తప్పు పెడితే ఒక మార్కు పోతుంది. అక్కడ తొందరపాటు పిల్లవాడు దెబ్బతింటాడు. ఇద్దరికీ సిలబస్ వచ్చు. ఒకడికి గడియారం పెట్టి సాధన చేయించాలి, ఇంకొకడి చేత జవాబు పెట్టేముందు మిగతా మూడూ ఎందుకు కావో చెప్పించాలి. శైలి తెలుసుకోవడం పిల్లల్ని అందులోనే ఉంచేయడానికి కాదు, ఎక్కడ సరిదిద్దాలో కనిపెట్టడానికి అంటాను.

జెడ్పీ_లెక్కల_టీచర్
ఈ మాట ఒప్పుకుంటాను. అయితే దాన్ని శైలి అని ఎందుకనాలి? అలవాటు అనండి. అలవాటు అంటే అమ్మానాన్నలు మార్చుదామనుకుంటారు. శైలి అంటే పుట్టుమచ్చ అనుకుని ఊరుకుంటారు. ఖమ్మం అమ్మగారింట్లో జరిగింది అదే.

ప్రత్యేక_విద్య_టీచర్
మేడమ్, మీ పోస్టు మళ్ళీ చదివాను. వీడియో చూస్తే కథంతా చెబుతుంది, పేపరు మాత్రం ఖాళీ అన్నారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఒడిశాలో పుట్టి కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జె.పి. దాస్ సమాచారాన్ని మెదడు రెండు రకాలుగా పేరుస్తుందన్నారు. మ్యాపు చూసినట్టు అంతా ఒక్కసారిగా పట్టుకోవడం ఒకటి. అక్షరం తర్వాత అక్షరంగా వరుసలో పట్టుకోవడం ఇంకొకటి. పొడుగు మాట చదవడానికి రెండోది బాగా కావాలి. అది బలహీనంగా ఉంటే వదిలేయమని ఆయన అనలేదు. దాన్ని బలపరిచే అభ్యాసాలే తయారుచేశారు.

ఒక పని చేయండి. పాప చూడని పేజీ ఒకటి తీసి గట్టిగా చదివించండి, ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. అర్థం అడగొద్దు. ఎక్కడ ఆగుతోంది, ఏ అక్షరం మింగేస్తోంది, అది మాత్రం రాసుకోండి. తిట్టొద్దు.

ఖమ్మం_అమ్మ
నిన్న రాత్రి చదివించాను టీచర్. తెలుగులో ఒత్తులొచ్చిన ప్రతి మాట దగ్గరా ఆగింది. 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం' ఊహించి చెప్పేసింది. ఇంగ్లీషులో పొడుగు మాటలకి మొదటి రెండక్షరాలు చూసి ఇంకేదో అనేస్తోంది. సగం పేజీకి పన్నెండు నిమిషాలు పట్టింది. నాకు ఏడుపొచ్చింది. రెండో తరగతి మొత్తం కరోనాలో ఫోన్లోనే పోయింది, అప్పుడు ఎవరమూ చదివించి చూడలేదు. విజువల్ అన్నది దాచుకోవడానికి దానికి దొరికిన మాటలా ఉంది.

ఇది లర్నింగ్ డిజెబిలిటీయా టీచర్?

ప్రత్యేక_విద్య_టీచర్
ఒక్క పేజీతో చెప్పలేం మేడమ్. సరిగా చదవడం అలవాటు కాకపోయినా ఇలాగే ఉంటుంది. ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించండి. రోజూ పదిహేను నిమిషాలు మీరు పక్కన కూర్చుని ఒత్తులున్న మాటలు విడగొట్టి చదివించండి. ఆరేడు వారాలు చేసినా కదలిక లేకపోతే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర పరీక్ష చేయించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ప్రత్యేక అభ్యసన వైకల్యం కూడా ఉంది, నిర్ధారణ అయితే పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు. వీడియోలు ఆపకండి. పాఠం అర్థం కావడానికి అవి ఉండనివ్వండి, చదవడం మాత్రం విడిగా నేర్పండి.

ఖమ్మం_అమ్మ
ట్యూషన్ మార్చడం ఆపేశాం. శనివారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఈ రోజు 'రాష్ట్రం' అనే మాటని ష, ట, ర విడివిడిగా రాసి చూపిస్తే నాలుగోసారికి చదివింది.