మార్చి మ్యాడ్‌నెస్‌లో చిన్న కాన్ఫరెన్స్ జట్లు: మీరు చూసిన మ్యాచ్‌లు చెప్పండి

కెనడీ_బులెవార్డ్:
అందరికీ నమస్తే. మార్చి మ్యాడ్‌నెస్, అంటే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ నాకౌట్ టోర్నమెంట్, 2025లో అయిపోయినప్పటి నుంచి ఈ మాట అడగాలనుకుంటున్నా. స్వీట్ సిక్స్‌టీన్‌కి చేరిన 16 జట్లూ పెద్ద కాన్ఫరెన్స్‌లవే (కాన్ఫరెన్స్ అంటే కలిసి లీగ్ ఆడే కాలేజీల గుంపు), ఒక్క ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్ నుంచే ఏడు. ఫైనల్ ఫోర్‌లో నాలుగూ నంబర్ వన్ సీడ్‌లే (సీడ్ అంటే నాలుగు విభాగాల్లో జట్లకి ముందే ఇచ్చే ర్యాంకు, 1 అందరికన్నా బలమైనది, 16 చివరిది). చిన్న జట్ల పని ఇక అయిపోయినట్టేనా?

నేనుండేది జెర్సీ సిటీలో, సెయింట్ పీటర్స్ యూనివర్సిటీకి నడిచి వెళ్లేంత దూరం. సరుకులకి జర్నల్ స్క్వేర్ వైపు వచ్చే మన వాళ్లందరూ ఆ దారిన వెళ్లినవాళ్లే, కానీ అక్కడొక బాస్కెట్‌బాల్ జట్టుందని 2022 మార్చి దాకా మాలో చాలామందికి తెలియదు. 15వ సీడ్‌గా వెళ్లి ఓవర్‌టైమ్‌లో కెంటకీని 85-79తో కొట్టారు, తర్వాత మర్రే స్టేట్‌ని. ఫిలడెల్ఫియాలో పర్డ్యూని 67-64తో ఓడించిన రాత్రి మా వీధిలో కార్ల హారన్లు ఆగలేదు, నిద్రపోతున్న మా పాప లేచొచ్చి కిటికీ దగ్గర నిలబడి "నాన్నా, పెళ్లా?" అని అడిగింది. 15వ సీడ్ జట్టు ఎలీట్ ఎయిట్‌కి (చివరి ఎనిమిది జట్లు) వెళ్లడం అదే మొదటిసారి. అక్కడ నార్త్ కరోలినా 69-49తో ఇంటికి పంపేసింది, అది సరే. కానీ వారం తిరక్కుండానే కోచ్ షహీన్ హాలోవే సీటన్ హాల్‌కి వెళ్లిపోయారు. వెనకే ఆటగాళ్లు కూడా: కేసీ ఎన్‌డెఫో అక్కడికే, డగ్ ఎడర్ట్ బ్రయంట్‌కి, డారిల్ బ్యాంక్స్ సెయింట్ బొనవెంచర్‌కి. గెలిచినందుకే జట్టు చెల్లాచెదురైంది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది నార్త్ కరోలినా మీద ఓటమి కాదు, ఇది.

రిట్రీవర్_2018:
నేను యూఎంబీసీలో (మేరీలాండ్‌లోని యూనివర్సిటీ) మాస్టర్స్ చేశాను. మా కాలేజీకి పేరు చెస్‌తో వచ్చింది, బాస్కెట్‌బాల్‌తో కాదు. జిమ్ బయట ట్రూ గ్రిట్ అని కుక్క విగ్రహం ఉంటుంది, పరీక్షల ముందు పిల్లలందరూ దాని ముక్కు నిమిరి వెళ్తారు. చేతులు తగిలీ తగిలీ ఆ ముక్కు ఒక్కటే తళతళ మెరుస్తుంటుంది.

2018లో వర్జీనియాని 74-54తో కొట్టిన సంగతి అందరికీ తెలుసు, మగవాళ్ల టోర్నీలో 16వ సీడ్ నంబర్ వన్‌ని ఓడించడం అదే మొదలు (ఆడవాళ్లలో హార్వర్డ్ 1998లోనే స్టాన్‌ఫర్డ్‌ని కొట్టేసింది, దాన్ని ఎవరూ గుర్తు చేసుకోరు). కానీ అక్కడిదాకా ఎలా వచ్చారో చూడండి. అదే ఏడాది జనవరిలో ఆల్బనీ చేతిలో 83-39తో చిత్తుగా ఓడారు. మా కాన్ఫరెన్స్ అమెరికా ఈస్ట్ ఫైనల్ (గెలిస్తే నేరుగా మార్చి టోర్నీకి టికెట్) వెర్మాంట్‌తో, వాళ్ల ఊళ్లోనే, అప్పటికి వరసగా 23 సార్లు ఆ జట్టు చేతిలో ఓడి ఉన్నారు. చివరి క్షణంలో జైరస్ లైల్స్ వేసిన త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) పడింది కాబట్టి టోర్నీకి వెళ్లారు. అది పడకపోతే వర్జీనియా మ్యాచే లేదు. నాకు ఆ షాటే ఎక్కువ గుర్తు.

వర్జీనియా మ్యాచ్ హాఫ్‌టైమ్‌కి 21-21. మా ఫ్లాట్‌లో ఐదుగురం ఉన్నాం, ఎవరూ మాట్లాడట్లేదు, మాట్లాడితే ఎక్కడ దిష్టి తగులుతుందో అని. సెకండ్ హాఫ్‌లో మావాళ్లు 53 కొట్టారు. తెల్లారి పొద్దున్నే వెళ్లి ఆ ముక్కు నిమిరి వచ్చాను, పరీక్ష ఏమీ లేకపోయినా.

లెక్కల_రామం:
కొంచెం లెక్క చెప్తా, ఎవరూ నొచ్చుకోవద్దు. 1985లో 64 జట్లు అయినప్పటి నుంచి 2025 దాకా 16వ సీడ్‌లు ఆడిన మొదటి రౌండ్ మ్యాచ్‌లు 160, గెలిచినవి రెండు. 15వ సీడ్‌లు గెలిచినవి 11. కాబట్టి మనం మాట్లాడుకునేవి ఎప్పుడో ఒకసారి జరిగేవే. 12వ సీడ్ దగ్గరికొస్తే కథ మారుతుంది, దాదాపు మూడో వంతు వాళ్లే గెలుస్తారు.

అయితే గెలిచినప్పుడు కారణాలు ఉంటాయి. ఒక్క మ్యాచ్, సొంత కోర్టు కాదు, చూసే జనంలో సగం మంది చిన్న జట్టు వైపే. రెండోది త్రీలు. 2024లో ఓక్లాండ్ కెంటకీని 80-76తో కొట్టినప్పుడు జాక్ గోల్కీ ఒక్కడే పది త్రీలు వేశాడు. అతను అంతకుముందు ఆడింది డివిజన్ టూలో (కాలేజీ ఆటలో రెండో స్థాయి). అవతల పక్క వచ్చే ఏడాది ఎన్‌బీఏకి వెళ్లే 19 ఏళ్ల పిల్లలు, ఇవతల ఐదేళ్లుగా కాలేజీ ఆట ఆడుతున్నవాళ్లు. ఆ అనుభవం చివరి రెండు నిమిషాల్లో పనికొస్తుంది.

తెల్లవారుజాము_కూకట్‌పల్లి:
నేను హైదరాబాద్ నుంచే చూస్తా. 2023లో నంబర్ వన్ సీడ్ పర్డ్యూ మీద 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ (ఎఫ్‌డీయూ) మ్యాచ్ మనకి తెల్లవారుజామున నాలుగు దాటాక మొదలైంది. పర్డ్యూలో జాక్ ఈడీ ఏడడుగుల నాలుగంగుళాలు. ఇటు ఎఫ్‌డీయూ దేశం మొత్తంలో అందరికన్నా పొట్టి జట్టు, పాయింట్ గార్డ్ డిమిట్రీ రాబర్ట్స్ ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. నా ఎత్తే! ఈడీకి బంతి అందకుండా ముందొకరు వెనకొకరు నిలబడి కాపలా కాశారు, బయటి నుంచి వేసినవేమో పర్డ్యూకి పడలేదు. 63-58. పాలవాడు గేటు కొట్టే టైమ్‌కి నేను హాల్లో గెంతుతున్నా.

వాళ్లు అసలు వాళ్ల కాన్ఫరెన్స్ ఫైనల్ కూడా గెలవలేదండీ. మెర్రిమాక్ చేతిలో 67-66తో ఓడారు. మెర్రిమాక్ డివిజన్ వన్‌కి కొత్త కాబట్టి రూల్ ప్రకారం టోర్నీ ఆడకూడదు, అందుకని వీళ్లకి ఛాన్స్ వచ్చింది. అంతకుముందు ఏడాది నాలుగు గెలిచి 22 ఓడిన జట్టు ఇది. గెలిచిన మెర్రిమాక్ పిల్లలు ఆ మ్యాచ్‌ని టీవీలో చూశారంటే వాళ్లకి ఎలా ఉండి ఉంటుందో అని నేను చాలాసార్లు అనుకున్నా.

టెర్రెహోట్_వాసి:
టీవీలో చూడటం అన్నారు కాబట్టి మా ఇండియానా స్టేట్ గురించి చెప్పాలి. 2024లో 28 గెలుపులు, ఆరు ఓటములు, మిసోరీ వ్యాలీ కాన్ఫరెన్స్‌లో లీగ్ టాప్ మేమే. కళ్లజోడు పెట్టుకుని సెంటర్ ఆడే రాబీ అవీలా, ఊరంతా అతని పేరే. ఆదివారం కాన్ఫరెన్స్ టోర్నీ ఫైనల్లో డ్రేక్ చేతిలో 84-80తో ఓడారు. వారం తర్వాత సెలెక్షన్, అంటే టోర్నీకి ఎంపికైన జట్ల ప్రకటన, చూస్తూ కూర్చున్నాం, ఒక్కో పేరు వస్తోంది, మా పేరు రాలేదు. పెద్ద కాన్ఫరెన్స్ జట్టు పదకొండు పన్నెండు మ్యాచ్‌లు ఓడినా లోపలికి పోతుంది, ఎందుకంటే ఓడింది పెద్దవాళ్ల మీద కదా. మనమేమో పెద్ద జట్లని మా ఊరికి రమ్మంటే రావు. వాళ్ల కోర్టుకి మనమే పోవాలి, దానికి లక్ష డాలర్ల దాకా చెక్కు ఇస్తారు, ఆ డబ్బుతోనే చిన్న కాలేజీలు ఏడాది నెట్టుకొస్తాయి. వెళ్లి ఓడితే రికార్డు పోతుంది, వెళ్లకపోతే ఎవరితో ఆడారని అడుగుతారు.

తర్వాత ఎన్‌ఐటీలో (మార్చి మ్యాడ్‌నెస్‌లో చోటు దక్కని జట్ల టోర్నీ) ఫైనల్ దాకా వెళ్లి 79-77తో ఓడాం. ఎవరి చేతిలో అనుకున్నారు? సీటన్ హాల్. కోచ్ షహీన్ హాలోవే. ఆ తర్వాత మా కోచ్ జాష్ షెర్ట్జ్ సెయింట్ లూయిస్‌కి వెళ్లారు, అవీలా ఆయనతో పాటే.

కెనడీ_బులెవార్డ్:
@టెర్రెహోట్_వాసి అయ్యో, ఈ లింకు నాకు తట్టనే లేదు. మా కోచే మీ మీద గెలిచారన్నమాట.

దెమాయిన్_అక్క:
మా డ్రేక్ కథ కూడా వినండి. కోచ్ బెన్ మెక్‌కాలమ్ డివిజన్ టూ నుంచి తన పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి 2025లో పెద్ద జట్టు మిసోరీని 67-57తో కొట్టారు. ఒక్క సీజన్, అంతే. అయోవాకి వెళ్లారు, ఆటగాడు బెన్నెట్ స్టర్ట్జ్ కూడా వెళ్లాడు. మెక్‌నీస్ క్లెమ్సన్‌ని కొట్టింది కదా, ఆ కోచ్ కూడా నార్త్ కరోలినా స్టేట్‌కి. ఇప్పుడు కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చు, 2025 జూలైలో మొదలైన మొదటి ఏడాదికి అన్ని ఆటలకీ కలిపి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. చిన్న కాలేజీ ఆ మాటకి ఎక్కడ తూగుతుంది?

కానీ పిల్లల్ని మాత్రం నేను తప్పు పట్టను తమ్ముడూ. జీతం పెరుగుతుందంటే మనం కంపెనీ మారట్లేదా? మోకాలికి దెబ్బ తగిలితే రేపు వాళ్లని ఎవరు చూస్తారు? తప్పంతా షెడ్యూల్ దగ్గర, సెలెక్షన్ దగ్గర ఉంది. పెద్ద జట్లు చిన్న కోర్టులకి వచ్చి ఆడేలా రూల్ పెడితే సగం తీరుతుంది.

రిట్రీవర్_2018:
అక్క మాటే నా మాట. ఇంకోటి, చిన్న కాన్ఫరెన్స్‌ల అసలు టోర్నీ మార్చి మొదటి రెండు వారాల్లోనే అయిపోతుంది. మూడు నాలుగు మ్యాచ్‌లు, ఒక్క టికెట్. లైల్స్ షాట్ లాంటివి అక్కడే పడతాయి, చూసేవాళ్లే తక్కువ.

కెనడీ_బులెవార్డ్:
అవునండీ. మా పీటర్స్ 2024లో మళ్లీ వెళ్లింది, కొత్త కోచ్, కొత్త పిల్లలు. టెనెస్సీ 83-49తో ఓడించింది కానీ కాన్ఫరెన్స్ గెలిచే వెళ్లారు కదా. మా కాన్ఫరెన్స్ ఎంఏఏసీ టోర్నీ అట్లాంటిక్ సిటీలో, ఇక్కణ్ణుంచి రెండు గంటల డ్రైవ్. ఈసారి పాపని తీసుకుని వెళ్తున్నా, ఇప్పుడు తనకి స్కోరు చూడటం వచ్చు. కారులో ఇంకా రెండు సీట్లున్నాయి, ఎడిసన్ వైపు వాళ్లెవరైనా వస్తే దారిలో ఎక్కించుకుంటా.