కొల్లేటి శీతాకాలపు పక్షులు: ఎనిమిది వేలలో ఏ బైనాక్యులర్ తీసుకోవాలి?

ఆకివీడు మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆకివీడు దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం చెబుతాను. మా ఊరి నుంచి కొల్లేటి గట్లు ఎంతో దూరం కావు కనుక, రెండేళ్ళుగా కార్తీకం దాటిన దగ్గర నుంచి మాఘం వరకు ప్రతి ఆదివారం తెల్లవారుజామునే బండి మీద బయలుదేరి, మంచు విడిచే వేళకు గట్టు మీద నిలబడి పక్షులను చూడడం నాకు అలవాటైంది. ఆటపాకలో స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకునే గూడబాతులను (పెలికాన్‌లను), ఎర్రకాళ్ళ కొంగలను (పెయింటెడ్ స్టార్క్‌లను) మామూలు కంటితోనే గుర్తుపట్టగలను. నడి నీటిలో తేలే బాతులు, బురదలో తిరిగే చిన్న పిట్టలు మాత్రం నాకు ఇప్పటికీ మచ్చల్లాగే కనిపిస్తున్నాయి.

పోయినేడు ఆన్‌లైన్‌లో 1,300 రూపాయలకు ఒక బైనాక్యులర్ తెప్పించాను. దాని మీద "60×60" అని అచ్చు వేసి ఉంది. కటకాలు కుంకుమ రంగులో మెరుస్తుంటాయి. అందులోంచి చూస్తే లోకమంతా పచ్చగా పాలిపోయినట్లుంటుంది, కరెంటు తీగ ఒకటి రెండుగా కనిపిస్తుంది, ఐదు నిమిషాలకే కణతలు లాగుతాయి. అందుకని ఈసారి తెలిసినవారిని అడిగి కొనాలనుకుంటున్నాను. 8,000 రూపాయలు దాచాను, మరో వెయ్యి వరకు సర్దుకోగలను. నాకు దూరపు చూపు తక్కువ, రెండు కళ్ళకూ మైనస్ రెండున్నర కళ్ళజోడు ఉంది. మా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా దీన్ని వాడతారు.

మొన్న ఆదివారం చూసినవి ఇవి: మెడ సన్నగా, తోక మొనదేలి ఉన్న బాతుల గుంపు ఒకటి, నీటికి రెండు మూడు బారల ఎత్తున ఎగురుతూ ఉన్నట్టుండి ముక్కుతో నీటిని తాకి లేచిపోయే తెల్లని సన్నని పిట్టలు, ముక్కు కిందికి వంగిన నల్లని పక్షులు సుమారు నలభై, వరి కోసిన తడి చేలో, వెనక భాగాన్ని పైకీ కిందికీ ఊపుతూ గట్టు అంచున ఒంటరిగా నడిచే గోధుమరంగు పిట్ట. తొమ్మిది గంటల ప్రాంతంలో తల లేత మీగడ రంగులో ఉన్న పెద్ద డేగ ఒకటి తుంగ మీదుగా వాలుగా రాగానే బాతులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. వీటి పేర్లు చెప్పగలరా? ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చేవేనా?

చెరువుగట్టు, హైదరాబాద్

మాస్టారూ, మీరు భౌతికశాస్త్రం చెబుతారు కనుక ముందు ఆ పాత బైనాక్యులర్‌ను పారేయకుండా తరగతి గదికి తీసుకువెళ్ళండి. "60×60" అంటే అరవై రెట్లు పెద్దగా చూపాలి, ముందు కటకం వ్యాసం 60 మి.మీ. ఉండాలి. స్కేలుతో కొలిస్తే అందులో సగానికి అటూ ఇటూగా వస్తుందని నా అంచనా. తరువాత బైనాక్యులర్‌ను తెల్లని ఆకాశం వైపు పెట్టి (సూర్యుడి వైపు ఎంతమాత్రం వద్దు), కంటి వైపు కటకం వెనుక ఒక పల్చని కాగితం పట్టుకుంటే గుండ్రని వెలుగు చుక్క పడుతుంది. కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరిపి ఆ చుక్క అంచు స్పష్టమైన చోట దాని వ్యాసం కొలవండి. ముందు కటకం వ్యాసాన్ని చుక్క వ్యాసంతో భాగిస్తే అసలు ఎన్ని రెట్లు చూపుతుందో తేలిపోతుంది.

కొనేటప్పుడూ ఇదే లెక్క పనికి వస్తుంది. 8×42 లో ఆ చుక్క 5.25 మి.మీ., 10×25 లో 2.5 మి.మీ. మాత్రమే. ఎండలో మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది కనుక మధ్యాహ్నం ఆ రెండింటికీ తేడా అంతగా తెలియదు. మంచు తెరలో, పొద్దు పొడవకముందు కంటిపాప విప్పారి ఉన్నప్పుడు మాత్రం 10×25 లోంచి అంతా మసకగానే కనిపిస్తుంది. మీరు వెళ్ళేదే ఆ వేళకు కనుక జేబులో పట్టే చిన్న రకాల జోలికి వెళ్ళకండి. రెట్లు మార్చుకునే జూమ్ రకాలు కూడా ఈ ధరలో కొనదగ్గవి కావు. వాటిలో కనిపించే మేర ఇరుకు, రెట్లు పెంచిన కొద్దీ వెలుతురు తగ్గుతుంది.

నా సలహా 8×40 లేదా 8×42, పోరో ప్రిజం రకం, అంటే ముందు కటకాలు కంటి కటకాల కంటే ఎడంగా ఉండే పాతకాలపు ఆకారం. నిటారు గొట్టాల రూఫ్ ప్రిజం చూడడానికి నాజూకుగా ఉంటుంది, బరువు తక్కువ, నీళ్ళు దూరని రకాలు ఎక్కువగా అందులోనే దొరుకుతాయి. అయితే అది పోరోతో సమానమైన స్పష్టత ఇవ్వాలంటే ప్రిజం మీద ఫేజ్ కోటింగ్ అనే ప్రత్యేకమైన పూత కావాలి, ఆ పూత ఉన్నవి మీ బడ్జెట్‌కు అందకపోవచ్చు. తక్కువ డబ్బుతో మంచి బొమ్మ కావాలంటే పోరోయే మేలు. నికాన్ ఆక్యులాన్ 8×42, ఒలింపస్ 8×40 డీపీఎస్ ఈ కోవలోవే. ధర షాపును బట్టి మారుతుంది కాబట్టి రెండు మూడు చోట్ల అడగండి. రెండూ ముప్పావు కిలోకు దగ్గరగా ఉంటాయి, రెండూ వానకు తట్టుకునేవి కావు.

కళ్ళజోడు విషయంలో మాత్రం జాగ్రత్త. ఈ రెండింటిలోనూ కంటికీ కటకానికీ మధ్య ఉండగల దూరం సుమారు 12 మి.మీ. మాత్రమే. కళ్ళజోడుతో హాయిగా చూడాలంటే 15 మి.మీ. పైన ఉండాలి, లేకపోతే కనిపించే వృత్తం అంచులు కోసుకుపోతాయి. మీది వట్టి దూరపు చూపు లోపమే అయితే కళ్ళజోడు తీసి చూడవచ్చు, ఫోకస్ చక్రమే ఆ లోపాన్ని సర్దేస్తుంది. అడ్డసైటు, అంటే చీటీలో సిలిండర్ నంబరు కూడా ఎక్కువగా ఉంటే మాత్రం సర్దదు. ఒకసారి చీటీ చూసుకోండి.

షాపులో పెట్టె విప్పించి, బయటకు వచ్చి, దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని రెండు నిమిషాలపాటు ఆపకుండా చూడండి. మీ తలనొప్పికి కారణం రెండు గొట్టాలూ ఒకే వైపు చూడకపోవడమే. రెండు బొమ్మలను ఒకటిగా కలపడానికి కళ్ళు నిరంతరం శ్రమపడుతుంటాయి. కొత్తదానిలోనూ ఆ దోషం ఉండవచ్చు కనుక మొహమాటపడకుండా రెండో పెట్టె కూడా అడగండి. నేను మొదటిసారి మొహమాటపడి, అలాంటి దోషం ఉన్నదాన్నే ఇంటికి తెచ్చుకుని రెండు శీతాకాలాలు బాధపడ్డాను.

నీటికోడి, ఏలూరు

మాస్టారు గారూ, మీ వర్ణన చక్కగా ఉంది కనుక పేర్లు చెప్పడం కష్టం కాలేదు. మెడ సన్నగా, తోక మొనదేలి ఉన్నది సూదితోక బాతు. మగదానికి తల చాక్లెట్ రంగులో ఉండి, రొమ్ము నుంచి ఒక తెల్లని చార మెడ పక్కగా పైకి పాకుతుంది. ఆ చార కనిపిస్తే ఇక అనుమానం అక్కరలేదు. శీతాకాలం మొదట్లో మగ బాతులు ఇంకా ఈకలు మార్చుకుంటూ ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి కనుక నవంబరులో కంటే జనవరిలో గుర్తుపట్టడం తేలిక. అదే గుంపులో కంటి మీద తెల్లని కనుబొమ చారతో చిన్న బాతు కనిపిస్తే అది గార్గనీ, ముక్కు చివర గరిటెలా వెడల్పుగా ఉంటే అది షోవెలర్.

నీటిని ముక్కుతో తాకి లేచిపోయేవి విస్కర్డ్ టెర్న్‌లు, మన చేపల చెరువుల మీద ఈ కాలంలో తరచుగా కనిపించేవి. వెనక భాగాన్ని ఊపుతూ ఒంటరిగా నడిచేది కామన్ శాండ్‌పైపర్. మీగడ రంగు తల డేగ మార్ష్ హారియర్, అది ఆడదో ఇంకా ఎదగని పిల్లదో అయి ఉంటుంది. అది రాగానే బాతులు లేవడం సహజం, కానీ అది పట్టేది ఎక్కువగా దెబ్బ తగిలినవాటిని, బలహీనమైనవాటిని, తుంగలోని ఎలుకలను. గుంపు లేచినప్పుడు డేగను వదిలేసి బాతుల రెక్కలను చూడండి, కూర్చున్నప్పుడు దాగిన రంగులు అప్పుడే బయటపడతాయి.

తడి చేలోని వంగిన ముక్కు పక్షుల దగ్గర నేను కాసేపు ఆగాను. నల్లకంకణం (బ్లాక్ ఐబిస్) అయితే నెత్తి మీద ఎర్రని మచ్చ, భుజం మీద తెల్లని పట్టె ఉంటాయి, అది మెట్ట పొలాల్లో కూడా రెండూ మూడుగా తిరుగుతుంది. నీళ్ళు నిలిచిన చేలో నలభై కలిసి ఉన్నాయంటే గ్లాసీ ఐబిస్‌లు కావచ్చు. వాటి ఒళ్ళు నిజానికి నలుపు కాదు, ఎండ పడితే రాగి చెంబు తోమినట్లుంటుంది. మీ కుంకుమరంగు కటకాలు ఎర్రని వెలుగును వెనక్కి తిప్పికొట్టి, మీకు ఆకుపచ్చని వెలుగును మిగులుస్తాయి. రాగిరంగు మీ కంటిదాకా రాకపోవడానికి అదే కారణమని నాకు అనిపిస్తోంది.

ఇక సైబీరియా సంగతి. పత్రికల్లో ఏటా "సైబీరియా అతిథులు" అని రాసే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అసలు విదేశీ పక్షులే కావు. అవి మన దేశంలోనే ఉంటూ నీళ్ళనూ చేపలనూ బట్టి ఒక చెరువు నుంచి మరో చెరువుకు మారుతుంటాయి, ఆటపాకలోనూ, నేలపట్టులోనూ, తేలినీలాపురంలోనూ గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. ఎక్కడ గూడు కడితే అదే దాని పుట్టిల్లు. సైబీరియా వైపు నుంచి నిజంగా వచ్చేవి మీరు మచ్చలుగా చూస్తున్న సూదితోక బాతుల వంటివే. అవి ఇక్కడ గూడు కట్టవు, తిని బలం పుంజుకుని మార్చి, ఏప్రిల్ నాటికి ఉత్తరానికి మళ్ళిపోతాయి. ఈ తేడా పిల్లలకు తప్పక చెప్పండి. ఎందుకంటే గూడబాతుకు కావలసింది గూటికి చోటు, సూదితోక బాతుకు కావలసింది ఎవరూ అలజడి చేయని లోతులేని నీళ్ళు. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడినేలల జాబితాలో చేర్చారు. ఆ లోతులేని నీళ్ళే ఇంకా మిగిలి ఉండాలని మేము కోరుకునేది.

సూళ్ళూరుపేట వాసి

చెరువుగట్టు గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక విషయం మనవి చేస్తాను. మా పులికాట్‌లో శ్రీహరికోట రోడ్డు మీద నిలబడితే ఫ్లెమింగోలు ఒక్కోసారి చాలా దూరంలో గులాబీ గీతలాగా ఉంటాయి. అవి తల తలకిందులుగా ముంచి ముక్కుతో నీటిని వడకట్టడం చూడాలంటే 8 రెట్లు చాలవు. అందుకే నేను 10×50 వాడతాను. విశాలమైన నీళ్ళ దగ్గరివారు దాన్ని కూడా ఒకసారి పరీక్షించి చూడాలి. అయితే బరువు ఎక్కువ, గాలి వీస్తుంటే చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదవుతుంది, నేను మోచేతులను రోడ్డు పక్క గోడకు ఆనించి చూస్తాను. ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ఇవ్వాలంటే 8 రెట్లదే తీసుకోండి. అంతకు మించిన దూరానికి ఏ బైనాక్యులర్ అయినా ఆగిపోతుంది, ట్రైపాడ్ మీద పెట్టే స్పాటింగ్ స్కోప్ కావాలి. అంత ఖర్చు పెట్టనక్కరలేదు. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొంటే స్కోప్ ఉన్నవారు ఎవరో ఒకరు తోడుంటారు, అడిగితే ఆనందంగా చూపిస్తారు.

ఆకివీడు మాస్టారు

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. ముందు లెక్క చెబుతాను. పిల్లలు కొలిస్తే ముందు కటకం 35 మి.మీ., వెలుగు చుక్క నాలుగున్నర మి.మీ. వచ్చాయి. అంటే అరవై రెట్లని చెప్పిన వస్తువు ఎనిమిది రెట్లు కూడా పూర్తిగా చూపడం లేదు. ఒక పిల్లవాడు "మరి 60 అని ఎందుకు రాశారు సార్?" అని అడిగాడు, "కొనేవాడు కొలవడని" అని జవాబిచ్చాను.

చీటీలో సిలిండర్ నంబరు లేదు కనుక విజయవాడ వెళ్ళి 8×40 పోరో రకం తీసుకున్నాను. మొదటి పెట్టెలో స్తంభం అంచు నీడలా రెండుగా కనిపించింది, రెండోది అడిగితే ఇచ్చారు. నిన్న ఉదయం కళ్ళజోడుకు తాడు కట్టి మెడలో వేసుకుని వెళ్ళాను. ఎడమ కన్ను ఒక్కటే తెరిచి నడిమి చక్రంతోనూ, తరువాత కుడి కన్ను ఒక్కటే తెరిచి కుడి ఐపీస్ దగ్గరి రింగుతోనూ సరిచేసుకోవాలని కొన్న చోట చూపించారు, ఒకసారి చేసుకున్నాక మళ్ళీ ముట్టుకోవలసిన పని రాలేదు. సూదితోక బాతు మెడ చార కనిపించింది. వంగిన ముక్కు పక్షులు అదే చేలో ఉన్నాయి. ఏడున్నరకు ఎండ వాటి మీద పడగానే నీటికోడి గారు చెప్పిన రాగిరంగు మెడ నుంచి వీపు దాకా పాకింది. నేను ఇన్నాళ్ళూ నల్లనివనుకున్నవి అవే.

ఇంకొక్క సందేహం. తుంగ మొదట్లో బురద మీద ఒక చిన్న పిట్ట నాలుగు అడుగులు పరుగెత్తి, ఆగి, తోక పైకెత్తింది. ఎగిరినప్పుడు తోక మొదట్లో రెండు పక్కలా ఇటుక రంగు కనిపించింది. గొంతు చూడకముందే తుంగలో దూరింది.

కాకినాడ తీరం

మాస్టారు గారూ, కొత్త బైనాక్యులర్‌ను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి. మా తీరపు తేమకు నాది రెండేళ్ళలో లోపల సాలెగూడులాంటి బూజు పట్టింది, బాగు చేయించడానికి దాదాపు కొన్నంత ఖర్చయింది. గాలి దూరని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, మంచులో తడిసిన రోజున ముందు నీడన ఆరబెట్టి, ఆ తరువాతే డబ్బాలో పెట్టండి. కటకాన్ని చొక్కా అంచుతో తుడవకండి, ముందు మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపాలి.

నీటికోడి, ఏలూరు

ఆ ఇటుక రంగు తోక, పరుగెత్తి ఆగడం చూస్తే అది బ్లూత్రోట్. అది చోటు మార్చకుండా చాలా రోజులు అదే తుంగలో ఉంటుంది కనుక వచ్చే ఆదివారం అక్కడికే వెళ్ళి, సూర్యుడు మీ వీపు వెనుక ఉండేటట్లు నిలబడి, కదలకుండా పావుగంట ఆగండి. పిట్ట బయటికి రాగానే చూపు దాని మీద నుంచి తిప్పకుండా బైనాక్యులర్‌నే కళ్ళ దగ్గరకు ఎత్తాలి. మగదైతే గొంతు కింద నీలం కనిపిస్తుంది, ఆడదైతే తెల్లని గొంతు చుట్టూ నల్లని చుక్కల దండ ఉంటుంది.