కొన్న ప్రాజెక్టు రాయాలా, మిర్చి యార్డులో చేసిన పని రాయాలా? (మొదటి రెజ్యూమె)

గుంటూరు_ఈసీఈ

అందరికీ నమస్తే. మాది గుంటూరు. 2025లో బీటెక్ ఈసీఈ అయింది, 68 శాతం, బ్యాక్‌లాగ్స్ ఏం లేవు. మొదటి రెజ్యూమె రాసుకుంటున్నాను, దాని మీద ఇంట్లో రోజూ గొడవే.

ఫైనలియర్ ప్రాజెక్టు ఐఓటీ స్మార్ట్ ఇరిగేషన్, అంటే మట్టి ఎండితే సెన్సర్ పసిగట్టి పంపు దానంతటదే ఆన్ అయ్యేది. నలుగురం డబ్బులేసుకుని విజయవాడలో ఒక ప్రాజెక్ట్ సెంటర్లో కొన్నాం. రిపోర్టు కూడా వాళ్లే బైండింగ్ చేసిచ్చారు. ఇంటర్న్‌షిప్ అంటారా, వీడియోలు చూసి క్విజ్ రాస్తే మెయిల్లో వచ్చిన సర్టిఫికెట్. నేను ఒళ్లొంచి చేసిన పని ఒక్కటే ఉంది. మా మేనమామకి మిర్చి యార్డులో కమిషన్ కొట్టు ఉంది, రెండు సీజన్లు సెలవులు దొరికినప్పుడల్లా అక్కడే ఉన్నాను. రైతులకిచ్చే తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) లెక్కలు చేత్తో వేసేవాళ్లు, నేను ఎక్సెల్లోకి మార్చాను.

నాన్న "బీటెక్ చదివించింది గుమస్తా అని రాసుకోవడానికా" అంటున్నారు. ఫ్రెండ్స్ అయితే ప్రాజెక్టూ ఇంటర్న్‌షిప్పూ పైన పెట్టు, కొట్టు సంగతి ఎత్తకు అంటున్నారు. ఏది ఉంచను, ఏది తీసేయను? ఇంకోటి, మా బ్యాచ్‌కి 2021లో ఇంటర్ సెకండియర్ పరీక్షలు రద్దయ్యాయి. ఆ మార్కులు రాయాలా?

బెజవాడ_బుల్లోడు

తమ్ముడూ, మీ ఫ్రెండ్స్ చెప్పిందే కరెక్ట్. పెద్ద కంపెనీల్లో నీ రెజ్యూమె ముందు చూసేది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. దానికి ఐఓటీ, ఎంబెడెడ్ సీ, పైథాన్ లాంటి మాటలు కావాలి. మిర్చి యార్డు అని రాస్తే దానికేం అర్థమవుతుంది? ప్రాజెక్టు కొన్నావని ఎవడికి తెలుసు, నువ్వు చెప్తే తప్ప. ముందు లోపలికి వెళ్లు, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. అందరూ చేసేది నువ్వొక్కడివీ మానేస్తే నష్టపోయేది నువ్వే.

పటమట_సర్క్యూట్

"ఎవడికి తెలుసు" అన్నారు కదా, నాకు తెలుస్తుంది. విజయవాడలో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేస్తుంటాను. ఈసీఈ పిల్లల రెజ్యూమెలు పది తీస్తే స్మార్ట్ ఇరిగేషనో, అంధులకు స్మార్ట్ స్టిక్కో ఉండి తీరుతుంది. అదే బ్లాక్ డయాగ్రమ్, అవే స్పెల్లింగ్ తప్పులు.

నేనడిగేవి పెద్ద ప్రశ్నలు కాదు. ఆర్డినో ఊనో బోర్డులో సెన్సర్ రీడింగ్ 0 నుంచి 1023 మధ్యే ఎందుకుంటుంది? మట్టి ఎండితే ఆ అంకె పెరుగుతుందా, తగ్గుతుందా? బోర్డుకీ పంపుకీ మధ్య రిలే అనే స్విచ్ ఎందుకు పెట్టారు? ఒక్కసారైనా ఆ కిట్టు చేత్తో పట్టుకున్నవాడు వీటికి జవాబు చెప్పేస్తాడు. అందులో ఉన్నది పది బిట్ల ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) కాబట్టి 1024 మెట్లు. మామూలు రెండు కాళ్ల సెన్సర్ అయితే మట్టి ఎండేకొద్దీ అంకె పెరుగుతుంది. పిన్ను నుంచి వచ్చే కరెంటు పంపుకి చాలదు కాబట్టి రిలే. కొన్నవాడు మొదటి ప్రశ్నకే "సార్, కోడింగ్ మా ఫ్రెండ్ చూసుకున్నాడు" అంటాడు. నలుగురూ ఆ మాటే అంటారు, ఆ ఫ్రెండ్ ఎవరో నాకు ఇంతవరకు కనపడలేదు!

ప్రాజెక్టు తీసేయమని నేను చెప్పను. ఆ కిట్టు ఇప్పుడు ఎవరింట్లో ఉంది? తెచ్చుకుని విప్పు. కోడ్ లైను లైను చదువు, పంపు ఆన్ అయ్యే అంకెని మార్చి చూడు, పూలకుండీలో గుచ్చి రీడింగులు రాసుకో. ఆ తర్వాత నీకు తెలిసినంత మేరకే రాయి. నలుగురం చేశాం అన్న మాట కూడా ఉండాలి. ఇవేవీ చేసే ఓపిక లేకపోతే మాత్రం టైటిల్ కూడా పెట్టకు.

సాఫ్ట్‌వేర్ గురించి బుల్లోడు గారు చెప్పింది అబద్ధం కాదు. అయితే ఎక్సెల్ కూడా అది వెతికే మాటే. దాన్ని నిజంగా తికమక పెట్టేవి రెండు కాలమ్‌ల డిజైన్లు, నైపుణ్యాలకి వేసే స్టార్ గుర్తులు. సాదాగా ఒక్క పేజీ, పీడీఎఫ్. చాలు.

మాజీ_లెక్చరర్

పిల్లల్నే అనడం న్యాయం కాదండీ. నలభై ప్రాజెక్టులు ఒక్క రోజులో వైవా పెట్టి సంతకాలు చేసే కాలేజీలు లేవా? ప్రాజెక్ట్ సెంటర్ల బోర్డులు కాలేజీ గేటు ఎదురుగానే ఉంటాయి. కొనమని నోటితో చెప్పరు కానీ, కొననివాడికి టైమూ ల్యాబూ ఇవ్వరు.

బాబూ, ఇంటర్ మార్కులు మెమోలో ఉన్నవి ఉన్నట్టు రాయి. క్యాంపస్ ఫారాల్లో టెన్త్, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం అడగడం మామూలే, పరీక్ష జరిగిందా రద్దయిందా అని వాళ్లు చూడరు. తండ్రి పేరు, మతం, కింద "పైన రాసినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనే పేరా ఇవన్నీ తీసెయ్యి.

బెజవాడ_బుల్లోడు

సార్ వాళ్లు బాగానే చెప్తారు, ఖాళీగా కూర్చునేది మేము. నా రూమ్మేట్ కన్సల్టెన్సీలో రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకుని హైదరాబాద్‌లో జాయినయ్యాడు, హాయిగా ఉన్నాడు. నిజాయితీగా రాసిన నాకు ఒక్క ఫోనూ రాలేదు. మీరంతా సెటిలయ్యారు కాబట్టి నీతులు వస్తున్నాయి.

పటమట_సర్క్యూట్

ఫోన్ రాకపోతే ఎంత టెన్షనో నాకూ తెలుసు, ఆ మాట కొట్టిపారేయను. కానీ వీడియో సర్టిఫికెట్ వేరు, లేని ఉద్యోగం వేరు. ఉద్యోగం చేస్తే మామూలుగా పీఎఫ్ ఉంటుంది, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) కింద ఏ కంపెనీలో ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో కనపడుతుంది. వెరిఫికేషన్ వాళ్లు దాన్ని అడుగుతారు. రెండేళ్లు చేశానని చెప్పి యూఏఎన్ ఖాళీగా ఉంటే ఏం చెప్తాడు? 2022 నవంబర్లో యాక్సెంచర్ ఇండియా, దొంగ కంపెనీల లెటర్లు పెట్టినవాళ్లని తీసేశామని తనే చెప్పింది. వాళ్లంతా అప్పటికే లోపల ఉన్నవాళ్లే. మీ రూమ్మేట్‌ది ఇంకా తేలలేదు, అంతే.

సింగ్‌నగర్_బీకామ్

కొట్లో పని రాయాలా వద్దా అన్నదానికి నా అనుభవం చెప్తాను. నాదీ 2025 బ్యాచే. 2024 సెప్టెంబర్లో బుడమేరు వరదకి మా పెదనాన్న మందుల షాపు మునిగింది. స్టాకంతా బురద, రిజిస్టర్లు పోయాయి. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి స్టాకు ఎంతుందో చూపించాలి. నేనూ మా అన్నయ్యా జీఎస్టీఆర్ 2బీ (కొనుగోళ్ల బిల్లులు చూపించే జీఎస్టీ స్టేట్‌మెంట్) దించుకుని, సప్లయర్ల దగ్గర బిల్లు కాపీలు తెచ్చుకుని, అమ్మకాలు తీసేసి లెక్క మళ్లీ కట్టాం.

రెజ్యూమెలో ఇది రెండు లైన్లు రాశాను. టాలీ సర్టిఫికెట్ దాని కింద పెట్టాను. ఇంటర్వ్యూలో ఆడిటర్ గారు ఆ సర్టిఫికెట్ గురించి ఒక్క ముక్క అడగలేదు. "పాడైపోయిన స్టాకు మీద తీసుకున్న ఐటీసీ ఏం చేశారమ్మా?" అన్నారు. ఐటీసీ అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి వచ్చే తగ్గింపు. రివర్స్ చేయాలండీ (వెనక్కి కట్టేయాలి), జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) అన్నాను. అరగంట ఆ షాపు గురించే మాట్లాడుకున్నాం. ఇప్పుడు గవర్నర్‌పేటలో ఆయన ఆఫీసులోనే చేస్తున్నాను.

అన్నా, "గుమస్తా" అని నువ్వెందుకు రాస్తావు? చేసిన పని రాయి. ముందు ఎలా ఉండేది, నువ్వు ఏం మార్చావు, ఎవరు వాడుతున్నారు. మీ నాన్నగారికి కూడా అలా రాసి చూపించు.

మాజీ_లెక్చరర్

అమ్మాయి చెప్పింది అకౌంట్స్ ఉద్యోగానికి నూటికి నూరు పాళ్లు నిజం. ఎంబెడెడ్ (ఇలాంటి బోర్డులకి ప్రోగ్రామ్ రాసే) ఉద్యోగానికి మాత్రం కొట్టు పని పైన పెడితే లాభం లేదు, అక్కడ ప్రాజెక్టే ముందుండాలి. అన్నిటికీ ఒకటే కాపీ పంపకు.

గుంటూరు_ఈసీఈ

కిట్టు మా ఫ్రెండ్ ఇంట్లో అటక మీద ఉందట, ఆదివారం తెచ్చుకుంటాను. కొట్టు గురించి ఇలా రాశాను, చూడండి. ఇంగ్లిష్‌లోకి తర్వాత మారుస్తాను.

"మిర్చి కమిషన్ వ్యాపారం, గుంటూరు మార్కెట్ యార్డు, రెండు సీజన్లు. చేత్తో రాసే తక్‌పట్టీ లెక్కల స్థానంలో ఎక్సెల్ షీట్ తయారుచేశాను. లాట్ నంబరు, టిక్కీల (బస్తాల) సంఖ్య, బరువు, ధర కొడితే ఖర్చులు పోను రైతుకు రావాల్సిన మొత్తం వస్తుంది. కొట్లో ఇప్పటికీ అదే వాడుతున్నారు."

వీడియో సర్టిఫికెట్‌ని ఇంటర్న్‌షిప్ అనకుండా "ఆన్‌లైన్ కోర్సు" అని కింద పెట్టాను. నాన్నకి ఇంకా చూపించలేదు.

పటమట_సర్క్యూట్

బాగుంది. బరువు తప్పు కొడితే నీ షీట్ పట్టుకుంటుందా? టిక్కీకి మామూలుగా వచ్చే బరువుకి మరీ తేడా ఉంటే ఎర్రగా చూపించేలా పెట్టు, పెట్టాక ఆ సంగతీ రాయి. నేనైతే ముందు అదే అడుగుతాను. ఫైల్‌కి నీ పేరు పెట్టు, "ఫైనల్ న్యూ 3" అని పంపకు.

బెజవాడ_బుల్లోడు

ఆ వీడియో సర్టిఫికెట్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. సర్టిఫికెట్ మీద వాళ్లే ఇంటర్న్‌షిప్ అని అచ్చేశారు, కాలేజీ క్రెడిట్లు కూడా ఇచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాయమంటారు, మళ్లీ ఉన్న పేరు మార్చమంటారు. సర్క్యూట్ గారూ, మీ కంపెనీలో ఖాళీలుంటే చెప్పండి, నా రెజ్యూమె కూడా పంపుతాను.