రంగు మానేసి నెరిసిన జుట్టుతోనే ఉండాలా? మీ అనుభవం చెప్పగలరు
నా వయసు 47 సంవత్సరాలు. ఈమధ్య జుట్టుకు రంగు వేసుకున్న మర్నాడు చెవుల వెనుక, నుదుటి అంచున దురదతో కూడిన ఎర్రటి దద్దుర్లు వస్తుండడంతో, నల్లరంగుల్లో తరచుగా వాడే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదని తెలిసి, ఇక రంగు మానేయాలన్న ఆలోచన బలపడింది. అయితే జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది కనుక, భుజాలు దాటిన నా జుట్టులో పాత రంగంతా పోవడానికి 2 ఏళ్లకు పైగానే పట్టవచ్చు. నెరిసిన జుట్టు నాకు నచ్చదని కాదు. పాపిట దగ్గర తెల్లగా, కింద నల్లగా, మధ్యలో గీత గీసినట్టు కనిపించే ఆ కాలమే నన్ను నిజంగా కలవరపెడుతోంది. ఈ దశను దాటినవారు జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారా, లేక అలాగే పెరగనిచ్చారా? కొంతకాలం ఓపికపట్టి మళ్లీ రంగు వైపే మళ్లినవారుంటే, అందుకు కారణమేమిటో కూడా దయచేసి తెలుపగలరు.