పందుల వేటకూ రేంజ్‌కూ ఒకటే ట్రైపాడ్: కార్బన్‌కు అంత డబ్బు పెట్టాలా?

డాలస్ కుర్రోడు:
ఈ చలికాలం ఫ్రెండు వాళ్ల ర్యాంచ్‌లో అడవి పందుల వేటకు పిలిచారు. రైఫిల్ .308 క్యాలిబర్, పైన థర్మల్ స్కోప్ (ఒంటి వేడిని బట్టి చీకట్లో జంతువును చూపించేది). ఇన్నాళ్లూ షూటింగ్ రేంజ్‌లో బెంచి మీద బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) వేసి కాల్చడమే అలవాటు. అక్కడ గడ్డి నడుము దాకా ఉంటుంది, పడుకుంటే ఏమీ కనబడదు, నిలబడే కాల్చాలి అంటున్నారు. మూడు కాళ్ల ట్రైపాడ్ చూస్తే బాగ్ కంపెనీ డెత్‌గ్రిప్ లాంటిది రెండు వందల డాలర్ల చుట్టుపక్కల ఉంది. రియల్లీ రైట్ స్టఫ్ కంపెనీ వాళ్ల కార్బన్ ఫైబర్ కాళ్లూ, పైన రైఫిల్‌ను పట్టే హెడ్డూ కలిపితే వెయ్యి దాటిపోతోంది. అంత తేడా నిజంగా ఉందా, పేరుకు ఇచ్చే డబ్బేనా?

హ్యూస్టన్ బాబాయ్:
పేరుకే అనను గానీ, నీ పనికి అక్కర్లేదు తమ్ముడూ. టెక్సాస్‌లో నూటికి తొంభైకి పైగా భూమి ప్రైవేటుదే. మన వేటంతా ఎవరో ఒకరి ర్యాంచ్‌లో, గేటు నుంచి చివరిదాకా ట్రక్కులో. ట్రైపాడ్ బరువు మోసేది ట్రక్కు, నువ్వు కాదు. పైగా బరువున్నదే గాలికి నిలుస్తుంది. డెత్‌గ్రిప్‌కు రబ్బరు దవడలుంటాయి, రైఫిల్ కింద లోహపు పట్టా ఏమీ బిగించకుండానే స్టాక్‌ను (రైఫిల్ కట్టె భాగాన్ని) పట్టేస్తాయి. మిగిలిన డబ్బుతో తూటాలు కొనుక్కుని నిలబడి ప్రాక్టీస్ చెయ్.

డెన్వర్ రెడ్డి:
బాబాయ్ గారూ, ఆ లెక్క ట్రక్కు దిగనివాళ్లకు. మా కొలరాడోలో ఎల్క్ (పెద్ద జింక జాతి) వేట చాలావరకు ప్రభుత్వ అడవుల్లోనే. పది వేల అడుగుల ఎత్తులో ఎక్కుతుంటే వీపు మీద ప్రతి అరకిలో తెలుస్తుంది. ట్రైపాడ్ కాల్చడానికి మాత్రమే అనుకోవద్దు. పొద్దున్నుంచీ దాని మీద బైనాక్యులర్స్ పెట్టి ఎదురు కొండంతా వెతకాలి, జంతువు కనబడ్డాక అవి తీసి రైఫిల్ ఎక్కించాలి. రెండింటి కిందా ఆర్కా-స్విస్ పట్టా (ట్రైపాడ్ క్లాంపులో బిగుసుకునే ఒక రకం లోహపు పట్టా) ఉంటే ఒక్క లివర్‌తో మారిపోతుంది. రబ్బరు దవడలతో ఆ పని కాదు. కార్బన్ అదురును కూడా త్వరగా మింగేస్తుంది. చలిలో చేతికి అల్యూమినియం అంత చల్లగా తగలదు.

హ్యూస్టన్ బాబాయ్:
కుర్రాడు పందులంటే నువ్వు ఎల్క్ అంటావేంటయ్యా! ఇక్కడ కొండలెక్కడున్నాయి?

కాకినాడ మెకానికల్:
ఇద్దరూ మెటీరియల్ దగ్గరే ఆగిపోయారు. ముందు చూడాల్సింది ట్యూబు లావు. గోడ మందం అంతే ఉంచి వ్యాసం పెంచితే వంగకుండా నిలిచే గట్టిదనం దాదాపు వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 25 మి.మీ. కాలికి బదులు 36 మి.మీ. తీసుకుంటే సుమారు మూడు రెట్లు. అందుకే సన్న కాళ్ల కార్బన్ కెమెరా ట్రైపాడ్ కొని "కార్బనే కదా" అనుకోవడం దండగ. లావు కాళ్ల అల్యూమినియం దానికంటే మేలు.

రెండోది, కాలు ఎన్ని ముక్కలుగా జారుతుందో చూడు. నాలుగు ముక్కలదైతే మడిస్తే పొట్టిగా అవుతుంది, కానీ చివరి ముక్క మరీ సన్నం. నీకు మూడు చాలు. మధ్యలో పైకి లాగే కడ్డీ ఉన్నది అసలు వద్దు. అది లాగితే మూడు కాళ్లున్నా రైఫిల్ నిలిచేది ఒక్క కడ్డీ మీదే.

ఇక హెడ్. బాల్ హెడ్ లోపలి గుండు మీద అన్ని వైపులా తిరుగుతుంది, కానీ నాబ్ వదులైతే బరువైన రైఫిల్ పక్కకు ఒరిగిపోతుంది. రైఫిల్‌ను దాని బ్యాలెన్స్ పాయింట్ (ముందూ వెనకా బరువు సమంగా తూగే చోటు) దగ్గర పడితే ఈ గొడవ చాలా తగ్గుతుంది. దాని బదులు వాడే లెవెలింగ్ బేస్ కొంత మేరకే వంగుతుంది కాబట్టి భయం తక్కువ, కాకపోతే ఏటవాలు నేల మీద ముందు కాళ్లు సర్దుకోవాలి.

లెక్క కూడా చెప్తా. 200 గజాల్లో ఒక మినిట్ (టైము కాదు, కోణం: డిగ్రీలో అరవయ్యో వంతు) ఊగిసలాట అంటే సుమారు రెండు అంగుళాలు. పంది గుండె, ఊపిరితిత్తులు జింకకంటే ముందుకూ కిందికీ ఉంటాయి. జింక అలవాటుతో గురి పెడితే వెనక తగులుతుంది. నాలుగైదు అంగుళాల ఊగిసలాటతో రాత్రిపూట ఆ దూరానికి కాల్చకపోవడమే మంచిది.

సికింద్రాబాద్ గురి:
మీరంతా ఏమనుకున్నా సరే, స్టాండు మీద పెట్టి కాలిస్తే అది షూటింగ్ ఎట్లయితదన్నా? 2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన మన గగన్ నారంగ్ పది మీటర్లలో నిలబడి, ఏ ఆసరా లేకుండా కాల్చిండు. ముందు అట్ల నేర్చుకోండి.

డెన్వర్ రెడ్డి:
నేర్చుకోవాలి, కాదనను. అక్కడ గురి తప్పితే పాయింటు పోతుంది. ఇక్కడ తప్పితే పంది పొట్టలో తూటాతో పొదల్లోకి పోయి రాత్రంతా చస్తుంది. ఆసరా దొరికినప్పుడు తీసుకోకపోవడం నా దృష్టిలో గొప్ప కాదు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట లేకుండా పోయింది, అందుకే గురి అనగానే కాగితమే గుర్తొస్తుంది.

సికింద్రాబాద్ గురి:
అది ఒప్పుకుంటా. రేంజ్‌ల మాత్రం ట్రైపాడ్ లేకుండనే కాల్చమను.

ఆస్టిన్ వదిన:
ట్రైపాడ్ సంగతి సరే, తమ్ముడు ఏ వీసా మీద ఉన్నాడో ఎవరూ అడగలేదు. 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్ ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే అడవి పందులకు హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. అది చదివి హెచ్-1బీ వాళ్లు ఊరికే వెళ్లొచ్చనుకుంటారు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ ఉండటం అందులో ఒక మినహాయింపు. అంటే పందికి అక్కర్లేని లైసెన్స్ నీకు కావాలి. రేంజ్‌లో అద్దె తుపాకీకైనా అంతే. వెయ్యి డాలర్ల ట్రైపాడ్ కంటే ముందు అది తీసుకో.

డాలస్ కుర్రోడు:
హెచ్-1బీనే వదినా, లైసెన్స్ ఉంది. అందరికీ థాంక్స్. ఎల్క్ ఆలోచన ఇప్పట్లో లేదు, కాబట్టి బాబాయ్ వైపే మొగ్గుతున్నా. కాకపోతే దవడలు కాకుండా, లావు కాళ్ల అల్యూమినియం మీద ఆర్కా క్లాంప్ పెడదామనుకుంటున్నా. రేపు కార్బన్ కొన్నా రైఫిల్ కింద పట్టా అదే ఉంటుంది కదా.

కాకినాడ మెకానికల్:
మంచి ఆలోచన. కొనేముందు షాపులో కాళ్లు నీ భుజం ఎత్తుకు తెరిచి, ఛాతీతో ముందుకు నొక్కి చూడు. మెలికగా కదిలితే వదిలెయ్. వేటలో ట్రైపాడ్ కాలు ఒకటి టార్గెట్ వైపు పెట్టి దాని మీదకు వాలు. కాళ్ల మధ్య బ్యాగు వేలాడదీస్తే ఇంకా నిలకడ.

హ్యూస్టన్ బాబాయ్:
రేంజ్ కాంక్రీటుకు రబ్బరు పాదాలు, ర్యాంచ్ బురదకు మేకులు. రెండూ మార్చుకునే వీలున్నది తీసుకో. ఇసుక పడితే తిప్పి బిగించే లాకులు కరకరలాడతాయి, ఇంటికొచ్చాక విప్పి తుడువు. ఆ దవడల సంగతి మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు.